ఉస్తాద్ చెవి

పొద్దున్నుంచి ఇది ఐదో బండి. రామచంద్రం నాలుగోదాని బానెట్ కింది నుంచి తల తీసి నడుం నిటారు చేసుకునేలోపే, ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి ఇంకో కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. పాత తెల్ల కారు. ఎడమ తలుపుకి సొట్ట. వెనక సీటు పీకేసి ఆ జాగాలో స్టీలు క్యారియర్లు పేర్చారు. కారు లోపలికి వస్తుంటే ఫ్యాను కింద కుర్చీల్లో కూచున్న కస్టమర్లంతా ఒకేసారి తలెత్తారు. ఒకావిడ రెండు చెవులూ మూసుకుంది.

దాన్నిబట్టే రామచంద్రానికి తెలిసింది, బండి అరుస్తోందని.

ఆయనకి వినపడలేదు.

ఎదురుగా నిలబడి చెబితే మనిషి మాట వినపడుతుంది. లారీ హారన్ వినపడుతుంది. సన్నటి చప్పుళ్లన్నీ పోయాయి. కుక్కరు విజిల్ పోయింది, సెల్‌ఫోన్ మోత పోయింది. రెండేళ్ల కింద కోఠి దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి కాగితం మీద గీత చూపించింది. గీత సగం దూరం తిన్నగా నడిచి, అక్కణ్ణుంచి బావిలోకి దూకినట్టు కిందికి జారిపోయింది. "ముప్ఫై ఐదేండ్లు ఇంజిన్ల నడుమ నిలబడ్డవు. చెవులకేమన్నా పెట్టుకున్నవా?" అని అడిగింది. చెవులకి పెట్టుకునేదొకటి ఉంటుందని రామచంద్రానికి ఆ రోజే తెలిసింది. చెవి మిషను మంచిది కావాలంటే ఒక్కో చెవికి ఇరవై ఎనిమిది వేలు. ఆయన జీతం నెలకి పదిహేడు వేలు. ఆ మాట అక్కడితో అయిపోయింది. "నీ ఇంజిన్లే నీ చెవులు తిన్నయి" అంది ఇంట్లో భార్య ఐలమ్మ. అది కూడా రెండోసారి గట్టిగా అంటేనే ఆయనకి అందింది.

కారులోంచి దిగినావిడకి నలభై ఐదేళ్లుంటాయి. పేరు అమ్మాజీ. తెనాలి వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ సందులో ఆమె భర్త వెంకట్రావు కూరలు వండుతాడు, ఆమె ఈ కారులో తీసుకెళ్లి రెండు ఆడపిల్లల హాస్టళ్లకి అందిస్తుంది. నలభై రెండు మందికి మధ్యాహ్నం భోజనం, మనిషికి డెబ్బై రూపాయలు. చీర కొంగు నడుముకి బిగించి, చెమట తుడుచుకోకుండానే మొదలుపెట్టింది.

"నాలుగు రోజులుగా ఇదే గోలండీ! స్టార్ట్ చేస్తే చాలు, కీచుమని ఏడుపు. సందులో నేనొస్తుంటే కుక్కలు లేచి నిలబడుతున్నాయి. హాస్టలు పిల్లలైతే, హారన్ కొట్టక్కర్లేదాంటీ, సాంబారు వచ్చిందని నాలుగో అంతస్తుకి తెలిసిపోతోంది అంటున్నారు."

కౌంటరు దగ్గరున్న మౌనిక నవ్వబోయి ఆపుకుంది. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇటు వచ్చింది. బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. జీతం పద్నాలుగు వేలు. నెలకి నాలుగు లక్షల పని కస్టమర్ల చేత ఒప్పించాలి. ఒప్పించకపోతే ఆ పద్నాలుగులో కోత.

"కూసోండి ఆంటీ. టోకెన్ ఐదు."

"కూర్చోడానికి టైమెక్కడిదమ్మా? ఒంటిగంటకి అన్నం అందాలి. ఇప్పుడు పదకొండున్నర. ఈ ఎండకి కారులో పెరుగు పులిసిపోయి ఊరుకుంటుంది." ఆమె రామచంద్రం వైపు తిరిగింది. "బోర్డు మీద రాశారు, ఉస్తాద్ స్వయంగా విని చెబుతారని. మీరేనా అన్నయ్యగారూ?"

బోర్డు మీద అలాగే ఉంది. ముప్ఫై ఐదేళ్ల అనుభవం, ఉస్తాద్ స్వయంగా విని చెబుతారు. అది ఒకప్పుడు నిజం. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక రామచంద్రానికి సొంత రేకుల షెడ్డు ఉండేది. తుర్కయంజాల్ నుంచి, ఇంకా అవతలి నుంచి బండ్లు వచ్చేవి. మూరన్నర పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, కర్రపిడిని చెవికి పెట్టుకుని, ఫలానా బేరింగు పోయిందంటే పోయిందంతే. విప్పి చూస్తే అదే ఉండేది. రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది. నష్టపరిహారం జాగా ఓనరుకి వచ్చింది.

చైతన్య అప్పుడు పిలిచాడు. వాళ్ల నాన్న బడంగ్‌పేట్‌లో ఎనిమిదెకరాలు ప్లాట్లు కొట్టి అమ్మాడు. ఆ డబ్బుతో కొడుకు ఈ సర్వీస్ సెంటర్ పెట్టాడు. కార్లని పైకి లేపే లిఫ్టులు రెండు, అద్దాల గది, కాఫీ మిషను, అన్నీ వచ్చాయి. కొనలేనిది నమ్మకం ఒక్కటే. దాన్ని నెలకి పదిహేడు వేలకి కిరాయికి తెచ్చుకున్నాడు.

చెవుల సంగతి చైతన్యకి తెలుసు. కోఠి నుంచి వచ్చిన రోజే రామచంద్రం దాచకుండా చెప్పాడు. "గింతేనా ఉస్తాద్? ఇనబడకుంటే ఏమైతది? ట్యాబ్‌ల ఏముంటే గది జెప్పు. జనం నీ మొఖం జూసి నమ్ముతరు" అని భుజం తట్టాడు. రామచంద్రం ఆ రాత్రి ఐలమ్మతో, సార్ మంచోడు అన్నాడు. మంచితనం కాదది. వినపడే ఉస్తాద్ అయితే ఎదురు చెబుతాడు. వినపడనివాడు తల ఊపుతాడు. చైతన్యకి కావలసింది తల.

రెండేళ్లుగా ఊపుతున్నాడు. రామచంద్రం తప్పేం లేదనడానికి లేదు. ఊపిన తల ఆయనదే, ఊపినందుకు జీతం తిన్నదీ ఆయనే.

అద్దాల గది తలుపు తెరుచుకుని చైతన్య బయటికి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, తెల్ల బూట్లు. గ్రీజు నేల మీద చూసి చూసి అడుగేస్తాడు.

"ఏంది ఆంటీ, పరేషాన్‌ల ఉన్నరు? బండి అంత మొత్తుకుంటుంటే నాలుగొద్దులు ఎట్ల నడిపిండ్రు?"

"నడపకపోతే పూటెలా గడుస్తుంది బాబూ?"

"మౌనికా, బానెట్ లేపు. ఆంటీ, మేం జెప్తే మీరు నమ్మరు. ఈ కాలంల ఎవ్వలు ఎవ్వల్ని నమ్ముతలేరు. మీరే ఇనుండ్రి."

ఇంజిన్ నడుస్తోంది. చైతన్య ఆ పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొనని ఒక చోట ఆనించి, పిడిని అమ్మాజీ చెవికి అందించాడు. రామచంద్రం ఆ చోటు చూశాడు. అది ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే నాజిల్. క్షణానికిన్ని సార్లని కొట్టుకుంటూనే ఉంటుంది. నిన్న షోరూం నుంచి దింపిన బండికైనా అక్కడ స్క్రూడ్రైవర్ పెడితే టకటకమని దంచుతుంది. కస్టమర్‌కి ఆ సంగతి తెలియదు. ఈ షెడ్డులో రోజుకి ముగ్గురో నలుగురో అలా తమ చెవులతో తామే విని, భయపడి, సరే అని వెళ్తున్నారు. ఉస్తాద్ పనిముట్టు అది. ఆయన చేతిలో నిజం చెప్పిన ఇనుమే.

"అమ్మో!" అమ్మాజీ చెవి లాక్కుంది. "లోపలెవరో రోకళ్లతో దంచుతున్నారండీ!"

"గదే మరి. బేరింగులు ఖతం. మౌనికా, చెప్పు."

మౌనిక ట్యాబ్‌లోకి చూస్తూ చదివింది. తలెత్తలేదు. "బ్యాటరీకి కరెంటు ఎక్కించే డైనమో తొమ్మిది వేల ఎనిమిది వందలు. వాటర్ పంపు మూడువేల రెండొందలు. బెల్టు కిట్టు నాలుగువేల నాలుగొందలు. లేబర్ మూడువేల ఐదొందలు. మొత్తం ఇరవైవేల తొమ్మిదొందలు ఆంటీ. ట్యాక్సు వేరే. బండి మూడ్రోజులు ఉంచాలి."

అమ్మాజీ పక్కనున్న పాత టైర్ల మీద కూలబడింది.

"మూడు రోజులంటే హాస్టలు వాళ్లు ఆగరండీ. ఎదురు సందులో ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు, అరవైకే ఇస్తానని." కాసేపు క్యారియర్ల వైపు చూసింది. "పోనీ బండి అమ్మేస్తే ఎంతొస్తుంది బాబూ?"

చైతన్య కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. సొట్ట మీద వేలితో తట్టాడు. "ఈ చప్పుడుతోని ఎవడు కొంటడు ఆంటీ? మీ బాధ జూడలేక నేను తీసుకోవాలె. నలభై ఐదు వేలు ఇస్త. ఇప్పుడే, చేతిల."

"లక్షా నలభై పెట్టి కొన్నానండీ! రెండేళ్లు కూడా కాలేదు."

"చప్పుడు లేనప్పుడు కొన్నరు గద."

కారు లేని రోజుల్లో ఏం జరిగిందో ఆమెకి తెలుసు. రోజూ రెండు ఆటోలు, ఆరు వందలు. తెల్లారి నాలుగింటికి లేచి వండినదంతా ఆటోలవాళ్లకి పోయేది. కారు పోతే హాస్టళ్లు పోతాయి, హాస్టళ్లు పోతే వంట చేసే ఆ కొట్టు అద్దె కట్టలేరు. అంత దూరం లెక్క ఆమె కళ్లలో ఒక్క నిమిషంలో నడిచింది. తర్వాత లేచి నిలబడింది. తాళంచెవి రింగు వేలికి తగిలించుకుని రామచంద్రం ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఈ బాబుది వ్యాపారం. ఆయన మాట నేను తీసుకోను. మీరు చెప్పండి. ఇంజిన్ పోయిందని మీరంటే పోయినట్టే. తాళాలిచ్చేసి ఆటోలో పోతాను."

చైతన్య ఆయన వైపు చూశాడు. రోజూ చూసే చూపే. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది?

రామచంద్రం ఆమె ముఖం చూడలేదు. ముఖాలు చూడటం మానేసి రెండేళ్లయింది. ఇంజిన్ వైపు చూశాడు. చూపు అక్కడే ఆగింది.

చీమలు. బానెట్ అంచు మీద పరుగెడుతున్నాయి. కింద, ఫ్యాన్ బెల్టు మూత చుట్టూ కొన్ని చచ్చి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంజిన్‌లో చీమలకేం పని?

"జర ఆగుండ్రి సార్. నేనింకా సూడలె."

"సూసేదేమున్నది ఉస్తాద్? ట్యాబ్‌ల వచ్చింది గద."

"ఒక్క నిమిషం."

కుర్చీల్లోంచి నలుగురు చూస్తున్నారు. చైతన్య నవ్వు అలాగే ఉంచుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

రామచంద్రం ఇంజిన్ ఆపించాడు. బెల్టు మీద వేలితో రాసి చూశాడు. జిగురు. వాసన చూశాడు. ముక్కింకా పనిచేస్తోంది. మాడిన తీపి. మళ్లీ స్టార్ట్ చేయించి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మొనని డైనమోకి ఆనించాడు, పిడిని చెవిలో కాకుండా చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. బేరింగు పోతే లోపల గరగర ఉంటుంది, దానికి చెవి అక్కర్లేదు, ఎముకే చెబుతుంది. డైనమో నున్నగా తిరుగుతోంది, నూనెలో చెయ్యి తిప్పినట్టు. వాటర్ పంపు కూడా అంతే. బెల్టుని బిగబట్టే చిన్న చక్రం కూడా అంతే. దేనికీ ఏమీ కాలేదు. ఇరవై వేల తొమ్మిది వందల్లో ఒక్క రూపాయి రోగం కూడా లేదు.

"అమ్మా, ఇంజిన్ మీద ఏమన్నా పోసిండ్రా?"

"పొయ్యడమేంటండీ, నేనేమన్నా పిచ్చిదాన్నా?" అని, అంతలోనే ఆగింది. "శుక్రవారం పూజ చేస్తాననుకోండి. కాయ కొట్టి, ఆ నీళ్లు..."

"ఏడ?"

"ఇంజిన్‌కే! అందరూ టైర్లకి పోస్తారు. నాకు అన్నం పెడుతోంది టైర్లా? ఇంజిన్ కదండీ. మా సందులో క్యాబు తోలే అబ్బాయి చెప్పాడు, గుండెకాయ అదే, తీర్థం దానికే పొయ్యాలని. కొన్నప్పట్నుంచీ ఒక్క శుక్రవారం తప్పలేదు. పసుపూ కుంకుమా కూడా."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాజీ ముఖం ఎర్రబడింది. "దేవుడికి చేసింది తప్పంటారా?"

"దేవునికి జేసింది తప్పు గాదమ్మా. బెల్టుకు జేసిందే తప్పు. కొబ్బరినీళ్లల్ల చక్కెర ఉంటది. వేడికి పాకమైతది. దానికి పసుపు అంటుకున్నది, దుమ్ము అంటుకున్నది. రెండేండ్లది. బెల్టు, అది తిరిగే చక్రాలు మొత్తం పట్టుకున్నట్టున్నది. గందుకే మొత్తుకుంటున్నదేమో."

"ఏమో అంటారేంటండీ? అవునో కాదో చెప్పండి. నా బండి అమ్ముకోవాలా వద్దా?"

అవునో కాదో తేల్చడానికి దారి ఉంది. నడుస్తున్న బెల్టు మీద నీళ్లు చల్లాలి. కీచుమనేది ఆగి, తడి ఆరగానే మళ్లీ మొదలైతే జబ్బు బెల్టు పైపైనే ఉన్నట్టు. నీళ్లు పడగానే ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులైనట్టు. దిల్‌సుఖ్‌నగర్‌లో వెయ్యి బండ్లకి చేసిన పరీక్ష. నీళ్ల సీసా పక్కనే ఉంది. రామచంద్రం దాన్ని చేతిలోకి తీసుకుని, అక్కడే నిలబడిపోయాడు. నీళ్లు చల్లడం ఎవరికైనా వచ్చు. చల్లాక వినాలి.

"మౌనికమ్మా," అన్నాడు. "నీళ్లు జల్లుత. చప్పుడు ఆగిందో లేదో జెప్పు."

మౌనిక చైతన్య వైపు చూసింది. "నాకు తెల్వది కాకా. నాకు ఇంజిన్ సంగతులు ఏం తెల్వయి."

"ఇంజిన్ తెల్వకున్నా మంచిదే. చప్పుడు జెప్పు."

"తెల్వది కాకా." గొంతు సన్నబడింది. ఆ సన్నబడిన గొంతు ఆయనకి అందలేదు, పెదాలు అందాయి.

చైతన్య దగ్గరికొచ్చాడు. కస్టమర్లకి వీపు పెట్టి, ఆయనకి మాత్రమే ముఖం పెట్టి మెల్లగా అన్నాడు. "ఉస్తాద్. బండి మీదికెళ్లి చెయ్యి తియ్యి. నీ సంగతి నేను బయటపెట్టాల్నా? చెవిటి మెకానిక్‌ను నగరంల ఎవడు పెట్టుకుంటడు?"

ఈ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది రామచంద్రానికి. రెండేళ్లుగా ఈ మాట రాకూడదనే తల ఊపాడు. ఇంకో రెండేళ్లు ఊపినా ఇది అక్కడే ఉంటుంది, చైతన్య జేబులో. ఆయనకి పెద్ద ధైర్యమేం రాలేదు. విసుగొచ్చింది. యాభై ఆరేళ్ల ఒళ్లు, ఐదు బండ్ల నడుంనొప్పి, రేకుల కింద మే నెల ఎండ. దాచుకోవడం కూడా ఒక బరువే, దాన్ని మోసే ఓపిక ఇక లేదు.

"అమ్మా," అన్నాడు అమ్మాజీతో. వినపడనివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. షెడ్డంతా మోగింది. "నాకు ఇనబడది."

"ఏంటండీ?"

"సన్న చప్పుడు ఇనబడక రెండేండ్లయింది. నీ బండి కీసుమంటున్నదో లేదో నాకు తెల్వది. నువ్వే ఇనాలె. నేను నీళ్లు జల్లుత. ఆగితే చెయ్యి లేపు. మళ్ల షురూ అయితే దించు. నీ చెయ్యి జూసి నేను చెప్త."

కాఫీ మిషను దగ్గరున్నాయన కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మాజీ రామచంద్రాన్ని కిందికీ పైకీ చూసింది. బోర్డు వైపు చూసింది. బూతులు తిడుతుందేమో అనిపించింది మౌనికకి. ఆమె కొంగు తీసి చెవుల దగ్గర చెమట తుడుచుకుంది. కారు పక్కకి వచ్చి వంగింది.

"చల్లండి."

రామచంద్రం సీసా నొక్కాడు. నీళ్లు సన్నగా బెల్టు మీద పడ్డాయి. ఆమె చెయ్యి వెంటనే పైకి లేచింది. గాజులు మోచేతికి జారాయి. ఒకటి, రెండు, మూడు. తడి ఆరుతోంది. ఇంకా పైనే ఉంది. ఏడో ఎనిమిదో లెక్కకి చెయ్యి మెల్లగా దిగింది. మళ్లీ చల్లాడు. మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. మూడోసారి కూడా చేశాడు. కుర్చీల్లోవాళ్లు లేచి దగ్గరికొచ్చారు. వాళ్లలో ఒకావిడ తనకి తెలియకుండానే తానూ చెయ్యి ఎత్తుతోంది, దించుతోంది.

"బంద్ జెయ్యమ్మా." ఇంజిన్ ఆగింది. "నీ డైనమో మంచిగున్నది. పంపు మంచిగున్నది. బెల్టు తీసి సబ్బునీళ్లతో కడగాలె, చక్రాల గాడులు బ్రష్షుతో తోమాలె. గంట పని. మూడొందలు. బెల్టు ఇంకో ఏడాది నడుస్తది. కొబ్బరికాయ ఇంట్ల కొట్టుకో."

"మూడు వందలా!"

"ఆంటీ," చైతన్య గొంతు పెంచాడు. ఇప్పుడతని ముఖంలో నవ్వు లేదు. "ఇన్నరు గద, ఆయననే చెప్పిండు, చెవిటోణ్ణని. చెవిటోని మాట మీద బండి నడుపుతరా? రేపు సాగర్ రోడ్డు మీద ఇంజిన్ పట్టేస్తే నాది జిమ్మేదారి గాదు."

"విన్నది ఆయన కాదు బాబూ, నేను. నా చెవులు బాగానే ఉన్నాయి." ఆమె ఫోన్ తీసి భర్తకి కలిపింది. "ఏమండీ, ఆటో ఒకటి మాట్లాడి ఇక్కడికి పంపండి. క్యారియర్లు తీసుకెళ్లాలి. ఆ, బండి ఉంది. అమ్మలేదు. అమ్మలేదన్నానా! తర్వాత చెబుతాను." ఫోన్ పెట్టేసి చీర కుచ్చెళ్లు ఎగదోపింది. "బ్రష్షు ఇవ్వండి అన్నయ్యగారూ. ఎక్కడ తోమాలో చూపించండి. అంట్లు తోమిన చెయ్యే ఇది."

చైతన్య మౌనిక చేతిలోంచి ట్యాబ్ లాక్కుని రామచంద్రం ముందు పెట్టాడు. తెర మీద అడుగున ఒక ఖాళీ డబ్బా. ఉస్తాద్ సంతకం అని రాసి ఉంది. "డైనమో, పంపు పోయినయని నేను రాసిన. సంతకం పెట్టు. ఆమె చేపిచ్చుకుంటదో లేదో ఆమె ఇష్టం. పెట్టకుంటే రేపటిసంది రాకు."

"పెట్ట."

"ఏంది?"

"పెట్ట సార్."

పెట్టనన్న చిన్న మాట. గట్టిగా కూడా అనలేదు. చైతన్యకి రెండేళ్లలో ఈ నోటి నుంచి ఇది మొదటిది కాబట్టి, ఏం చెయ్యాలో తెలియక ట్యాబ్ ఇంకాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వెనకనుంచి ఒకాయన ముందుకు తోసుకొచ్చాడు. భానుమూర్తి. కర్మన్‌ఘాట్‌లో ఉంటాడు, రిటైరైన హైస్కూలు మాస్టారు. రెండు గంటలుగా కుర్చీలో కూచుని ఉన్నాడు. రామచంద్రానికి ఎదురుగా, దగ్గరగా నిలబడ్డాడు.

"నన్ను గుర్తుపట్టావా? నెలన్నర కింద వచ్చాను. ఇదే చోట నా చెవికి కూడా ఆ స్క్రూడ్రైవర్ పెట్టారు. నువ్వు పక్కన నిలబడి తల ఊపావు. ఇరవై ఆరు వేలు కట్టాను. చప్పుడు తగ్గలేదు. అందుకే మళ్లీ వచ్చాను. ఆ రోజు ఏం విని తల ఊపావయ్యా నువ్వు?"

రామచంద్రం చేతిలో బ్రష్షు ఉంది. అమ్మాజీ తోమడం ఆపింది.

"ఏం ఇనలె సార్."

"మరి?"

"ఊపమన్నరు. ఊపిన."

"సిగ్గు లేదూ?" మాస్టారు చెయ్యి పైకెత్తి, దించేశాడు. బడిలో ఎన్నో వీపులు చూసిన చెయ్యి. "నా పెన్షన్ డబ్బులవి. తెలుసా నీకు?"

"సిగ్గు ఉన్నది సార్. గందుకే ఆ పొద్దు మీ మొఖం సూడలె."

"అంకుల్, లోపలికి రాండ్రి, మనం మాట్లాడుకుందాం," అని చైతన్య ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. భానుమూర్తి ఆ చెయ్యి తోసేశాడు.

"నీతో కాదు. ఇతనితో." మళ్లీ రామచంద్రం వైపు తిరిగాడు. "ఇప్పుడన్న మాట కాగితం మీద రాసిస్తావా? నేను వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. చూసుకో, రాస్తే అందులో నీ పేరు కూడా ఉంటుంది. మోసంలో నువ్వూ ఉన్నావు. నిన్నూ నిలబెడతారు."

కోపంలో చివరి మాటలు త్వరత్వరగా అన్నాడు. రామచంద్రానికి సగమే అందింది. అమ్మాజీ వైపు చూశాడు. ఆమె ముందుకొచ్చి, పెదాలు బాగా కదిలేలా, ఒక్కో మాటా విడదీసి మళ్లీ చెప్పింది. రాస్తే ఆయన మీద కూడా కేసు అవుతుందనే మాట దగ్గర ఆమె ఆగింది, మింగేద్దామా అనుకున్నట్టు. మింగలేదు. అది కూడా చెప్పింది.

రామచంద్రం విన్నాడు. బ్రష్షు ఇంజిన్ మీద పెట్టాడు. రెండు చేతులూ పాతగుడ్డకి తుడుచుకున్నాడు, వేళ్ల సందుల్లో కూడా. ఎంత తుడిచినా గోళ్ల కింద నలుపు పోలేదు.

"నాకు రాయొస్తది సార్. ఏడో తరగతి. తప్పులుంటే మీరు దిద్దాలె." కౌంటరు వైపు తిరిగాడు. "మౌనికమ్మా, ఒక కాగితం ఇయ్యి బిడ్డా."

కుర్చీల దగ్గరి నుంచి ఇంకొకావిడ, "నా బిల్లు కూడా ఇంట్లో ఉందండీ, పోయిన నెలది" అంది, ఎవరికి చెబుతోందో తెలియకుండా. షెడ్డు బయట వెంకట్రావు పంపిన ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు.

మౌనిక కౌంటరు వెనక నిలబడి ఉంది. ఆమె పక్కనే ప్రింటర్. ఆమె ఆలోచన కాగితం గురించి కాదు. ఈ నెల ఇంకా లక్షా పది వేల పని రాయాలి. రాసిన రెండు లక్షల తొంభై వేలల్లో ఎంత నిజమో ఆమెకి తెలుసు. ఆ అంకెలన్నీ చదివింది తన నోరే. రామచంద్రం కాగితం రాస్తే, తర్వాత అడిగేది ఆమెనే.

చైతన్య ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆమె ప్రింటర్ ట్రే లాగింది. తెల్లకాగితం అంచు పట్టుకుంది. కాగితం సగం బయటికి వచ్చింది.

"మౌనికా," అన్నాడు చైతన్య.

ఆమె చెయ్యి కాగితం మీదే ఉంది.